గడిచిన ఏడాదిని కాయితాల మీద చూసుకోవడం
(నెల్లూరులో డిగ్రీ రెండో సంవత్సరం ముగిస్తున్న విద్యార్థులతో ఒక అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో ఉన్నవాళ్లు కొంచెం ముందుకొస్తే నా గొంతుకు పని తగ్గుద్ది. రండి, ఫ్యాను కింద ఖాళీ ఉంది.

ఏడాది అయిపోతోంది. ఇంకొన్నాళ్లలో మీలో చాలామంది "ఈ ఏడాది నాలో వచ్చిన మార్పు" అని ఎక్కడో ఒకచోట రాయాల్సి వస్తుంది. కాలేజీ పత్రికవాళ్లు అడుగుతారు. జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) క్యాంపు నివేదికలో అడుగుతారు. ప్రాజెక్టు రిపోర్టు చివర "ఏం నేర్చుకున్నారు" అని ఒక పేజీ ఉంటుంది. ఎవరు అడిగినా మన దగ్గర ఒకటే జవాబు: "నాకు ఆత్మవిశ్వాసం పెరిగింది. కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపడ్డాయి. టీమ్ వర్క్ నేర్చుకున్నాను." (నవ్వులు) నవ్వారంటే రాసినోళ్లే. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే ఈ మూడు మాటలూ కావలిలో చదివే అమ్మాయి ఫొటో కింద పెట్టినా సరిపోతాయి, ఒంగోలులో చదివే అబ్బాయి ఫొటో కింద పెట్టినా సరిపోతాయి. అడిగినవాళ్లకు మీ గురించి ఏమీ తెలీదు. అంతకంటే నష్టం ఏందంటే, మీకూ తెలీదు.

ఎందుకు తెలీదో ముందు చూద్దాం. 1993లో డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పాటు మరో ముగ్గురు ఒక ప్రయోగం గురించి అచ్చేశారు. కొంతమందిని పిలిచి చల్లటి నీళ్లలో చెయ్యి పెట్టమన్నారు. ఒకసారి 14 డిగ్రీల నీళ్లలో 60 సెకన్లు. ఇంకోసారి అవే 60 సెకన్లు, దాని మీద మరో 30 సెకన్లు. ఆ అదనపు 30 సెకన్లలో నీళ్లను మెల్లగా 15 డిగ్రీల దాకా తెచ్చారు. 15 డిగ్రీలన్నా చెయ్యి లాగేస్తుంది, హాయిగా ఏమీ ఉండదు. తర్వాత "రెండిట్లో ఒకటి మళ్లీ చెయ్యాలంటే ఏది చేస్తారు?" అంటే ఎక్కువమంది పొడుగుదే కోరుకున్నారు. లెక్క ప్రకారం అందులో బాధ ఎక్కువ. చివర కాస్త తేలికపడింది కాబట్టి గుర్తులో మాత్రం అదే మేలనిపించింది. ఎంతసేపు జరిగిందన్నది జ్ఞాపకం పెద్దగా పట్టించుకోదు. బాగా గుచ్చుకున్న క్షణాన్నీ, చివరి క్షణాన్నీ పట్టుకుని తీర్పు చెప్పేస్తుంది.

మీ ఏడాదికి ఇదే జరుగుతుంది. ఏప్రిల్‌లో ఒక ప్రాక్టికల్ పాడైతే "ఏడాదంతా వేస్టు సార్" అంటారు. మార్చిలో ఫెస్ట్ బాగా జరిగితే "సూపర్ ఇయర్" అంటారు. రెండూ చివరి నెలల మాటలే. ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా రోజూ కొంచెం కొంచెం మారింది ఈ రెండు తీర్పుల్లోనూ ఉండదు. ఎదుగుదలకు చప్పుడుండదు కాబట్టి అది గుర్తుండదు. అందుకని జ్ఞాపకాన్ని తర్వాత అడుగుదాం, ముందు కాయితాల్ని అడుగుదాం.

మన ఊళ్లో రొట్టెల పండగ చూడనివాళ్లు ఎవరూ ఉండరు గదా. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో దిగి రొట్టె పట్టుకుంటారు. విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, ఎవరి కోరిక వాళ్లది. కోరిక తీరినవాళ్లు మరుసటేడు వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. భక్తి సంగతి అట్లా ఉంచండి, ఆ పద్ధతిలో ఉన్న లెక్క చూడండి. ఏం కోరుకున్నారో పేరుంది, ఎప్పుడు కోరుకున్నారో తేదీ ఉంది, ఇచ్చిన మనిషి సాక్షి ఉన్నాడు. ఏడాది తర్వాత "తీరిందా లేదా" అంటే తడుముకోనక్కర్లేదు. మీరు నిరుడు జూన్‌లో ఎట్లా ఉన్నారో చెప్పే అలాంటి ఆనవాలు ఒకటి కావాలి. చాలామంది రాసి పెట్టుకుని ఉండరు. ఫర్వాలేదు, మీకు తెలీకుండానే చాలా చోట్ల నమోదై ఉంది. దాన్ని వెతకడమే మొదటి పని.

ఏమేం తీయాలో చెప్తాను. పోయిన ఏడాది టెక్స్ట్ బుక్కులు, నోట్సులు, రికార్డు పుస్తకాలు. ఇంటర్నల్ పరీక్షల జవాబు పత్రాలు తిరిగిస్తే అవి. మార్కుల మెమోలు. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి వాటిలో చెల్లింపుల చరిత్ర. స్టేట్‌మెంటుగా దించుకునే వీలుంటే జూన్ నుంచి మే దాకా దించుకోండి. ఫోన్ గ్యాలరీ, అందులో ముఖ్యంగా స్క్రీన్‌షాట్లు. వాట్సాప్‌లో క్లాసు గ్రూపు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు (ఊళ్లో ఇళ్లు తిరిగి సర్వే చేసే పని) లాగ్ బుక్కు, అంటే రోజువారీ పని రాసే పుస్తకం. ఇవన్నీ ఒక పూట ముందేసుకుని కూర్చుంటే చాలు. ఫొటోలు అన్నిటికన్నా చివర తెరవండి. ముందు తెరిస్తే ఆ పూటంతా వాటితోనే పోతుంది, పైగా ఫొటోలన్నీ నవ్వుతూ ఉంటాయి.

వీటిలో నాకు అన్నిటికన్నా నమ్మకమైన సాక్షి టెక్స్ట్ బుక్కు. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమైంది. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లలు ఏం చేస్తారు? ఇంగ్లీషు మాట మీద పెన్సిల్‌తో తెలుగు అర్థం రాసుకుంటారు. సరిగ్గా అదే మనకు కావలసింది. మొదటి సెమిస్టర్ పుస్తకంలో మొదటి యూనిట్ నుంచి వరసగా ఐదు పేజీలు తీసుకోండి. పెన్సిల్ మాటలు లెక్కపెట్టండి. తర్వాత నాలుగో సెమిస్టర్ పుస్తకంలో చివరి యూనిట్ నుంచి ఐదు పేజీలు తీసి మళ్లీ లెక్కపెట్టండి. పేజీకి ఇరవై ఉన్నవి నాలుగైతే "ఇంగ్లీషు మెరుగైంది" అని మీరు చెప్పనక్కర్లేదు, పుస్తకమే చెప్తుంది. ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్త. పెన్సిల్ గుర్తులు తగ్గడానికి రెండు కారణాలు ఉండచ్చు. అర్థాలు తెలిసి రాయకపోవడం ఒకటి, పుస్తకమే తెరవకపోవడం రెండోది. (నవ్వులు) తేల్చుకోవడానికి ఆ ఐదు పేజీల్లో ఒకటి ఇప్పుడు గడియారం పెట్టుకుని చదవండి. తెలియని మాట కింద గీత పెట్టండి. పేజీ పూర్తయ్యాక పుస్తకం మూసి, అందులో ఏముందో తెలుగులో ఐదు వాక్యాలు చెప్పండి. చెప్పగలిగితే మార్పు నిజమే.

జవాబు పత్రాల్లో మార్కులు చూడకముందు రెండు చూడండి. ఖాళీగా వదిలిన ప్రశ్నలెన్ని, కొట్టివేతలు ఎక్కడున్నాయి. మొదటి సెమిస్టర్‌లో చివరి ప్రశ్న దగ్గర చేతిరాత చెదిరిపోయి ఉంటుంది, టైము చాలలేదని తెలుస్తుంది. నాలుగో సెమిస్టర్‌లో చివరి ప్రశ్నా మొదటి ప్రశ్నా ఒకే తీరుగా ఉన్నాయంటే, టైము పంచుకోవడం వచ్చింది. మార్కులు ఒకటే ఉన్నా మనిషి ఒకటి కాదు.

మార్కుల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఇక్కడ చానామంది లెక్కే తప్పు వేస్తారు. రెండు సెమిస్టర్ల ఎస్‌జీపీఏలు (ఒక్కో సెమిస్టర్ సగటు గ్రేడు) కలిపి సగం చేస్తే సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల సగటు) రాదు. క్రెడిట్లతో, అంటే ఒక్కో సబ్జెక్టుకున్న బరువుతో, గుణించాలి. ఒక సెమిస్టర్ 16 క్రెడిట్లకు 8.0, ఇంకోటి 24 క్రెడిట్లకు 7.0 అనుకోండి. 16 ఎనిమిదులు 128, 24 ఏడులు 168. కలిపితే 296. మొత్తం 40 క్రెడిట్లతో భాగిస్తే 7.4. సగం లెక్క వేసినవాడు 7.5 అనుకుంటాడు, అప్లికేషన్‌లో అదే రాస్తాడు, మెమోతో సరిపోదు. ఇంకొకటి, సెమిస్టర్‌కూ సెమిస్టర్‌కూ సబ్జెక్టులు మారతాయి కాబట్టి గ్రేడు పెరగడం ఎప్పుడూ మీరు పెరిగినట్టు కాదు. కొనసాగే సబ్జెక్టు ఒకటి పట్టుకుని దాన్నే వరసగా చూడండి.

డబ్బు లెక్కకు వద్దాం. ఇది చాలా మాట్లాడుతుంది. చెల్లింపుల చరిత్రలో జిరాక్సు షాపు పేరు వెతకండి. మొదటి ఏడాది ఆ చెల్లింపులన్నీ పరీక్షకు ముందు రెండు మూడు రోజుల్లో గుంపుగా పడి ఉంటాయి. అంటే మీ చదువు ఎప్పుడు మొదలైందో తేదీతో సహా అక్కడుంది. ఈ ఏడాది అదే గుంపు మూడు వారాలు ముందుకు జరిగిందా? ఇంతకంటే సాక్ష్యం ఎవరూ ఇవ్వలేరు. తర్వాత మెడికల్ షాపు, బస్సు, బట్టలు, బిర్యానీ. మొదటిసారి డబ్బు కట్టిన కొత్త చోటు కనపడితే తేదీ వేసి రాసుకోండి. సొంతంగా డాక్టరు దగ్గరికి పోయిన రోజు, మొదటిసారి పరీక్ష ఫీజు నాన్నను అడక్కుండా కట్టిన రోజు, ఇవి అక్కడే దొరుకుతాయి.

సంపాదన ఉన్నవాళ్లు గంటకెంతో వేసుకోండి. ట్యూషన్ చెప్తున్నారనుకోండి. నలుగురు పిల్లలు, మనిషికి 500, నెలకు 2,000. రోజుకు గంటన్నర, నెలకు 24 రోజులు, మొత్తం 36 గంటలు. గంటకు 55 రూపాయల చిల్లర. తక్కువ అని బాధపడమని చెప్పడం లేదు. ఇదే పని ఏడాది మొదట్లో ఎంతకు చేశారు, ఇప్పుడెంతకు చేస్తున్నారు, మధ్యలో ఫీజు పెంచమని అడిగారా? అడగడం అనేది ఎదుగుదల. డబ్బు దాని గుర్తు మాత్రమే. క్యాటరింగ్‌కు పోయేవాళ్లు కూడా రాత్రి తిరిగొచ్చిన టైము, మర్నాడు ఎగ్గొట్టిన క్లాసులు కలిపి లెక్కేసుకోండి. 90 పనిదినాల సెమిస్టర్‌లో 75 శాతం హాజరంటే 68 రోజులు రావాలి. అంటే మీ చేతిలో ఉన్నవి 22 రోజులు. ఏ పనికి ఎన్ని ఖర్చయ్యాయో చూస్తే కొన్ని పనులు ఎంత ఖరీదైనవో తెలుస్తుంది.

వాట్సాప్ గ్రూపులో వెతికే పెట్టె ఉంటుంది. అందులో "నోట్స్" అని కొట్టండి. మొదటి సెమిస్టర్‌లో "ఎవరన్నా నోట్స్ పంపండ్రా" అని అడిగింది మీరు. ఈ ఏడాది ఎవరో అడిగితే ఫొటోలు తీసి పెట్టింది కూడా మీరే అయితే, ఏ నెలలో తిరగబడిందో అక్కడ కనపడుతుంది. "తోడు రా" అని కొట్టి చూడండి. బ్యాంకుకు తోడు రా, ఆఫీసుకు తోడు రా, ఆసుపత్రికి తోడు రా. అవి ఎప్పుడాగిపోయాయో చూడండి. స్క్రీన్‌షాట్లు మాత్రం వేరే కథ. అందులో ఉండేవి చేసినవి కావు, చేద్దామనుకున్నవి. స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో చేరి తెరవని కోర్సులు, ఉద్యోగ ప్రకటనలు, ఉదయం ఐదింటికి లేచే ప్రణాళికలు. (నవ్వులు) వాటిని ఎదుగుదల కింద రాయకండి. కానీ పారెయ్యకండి కూడా. ఏడాదంతా ఒకే రకం స్క్రీన్‌షాట్లు తీసి ఉంటే మీ మనసు ఎటు లాగుతుందో దాన్ని బట్టి తెలుస్తుంది.

ఇప్పుడు రాయడం. పొడుగు నోటు పుస్తకం ఒకటి తీసుకోండి, నెలకొక పేజీ, పన్నెండు పేజీలు. జూన్ నుంచి మే దాకా. జనవరి లెక్క మనకు పనికిరాదు, సంక్రాంతి మన ఏడాది మధ్యలో వస్తుంది. మే నుంచి మొదలుపెట్టి వెనక్కి పోండి. దగ్గరి నెలలో ఎక్కువ దొరుకుతుంది, అది పాతదాన్ని లాక్కొస్తుంది. తేదీలు తేలనప్పుడు పండగలను, పరీక్షలను గుంజలుగా పెట్టుకోండి. రొట్టెల పండగకు ముందా తర్వాతా, దసరా సెలవుల్లోనా, తుఫానుకు కాలేజీ మూసినప్పుడా, సంక్రాంతికి ఊరు పోయొచ్చాకా. ఇది ఎందుకంటే, దూరంగా జరిగిన సంగతులను మనం దగ్గరగా జరిగినట్టు చెప్పుకుంటాం. రెండేళ్ల నాటిది పోయిన ఏడాది కింద పడిపోతుంది. ఇంటర్‌లో నేర్చుకున్నదాన్ని డిగ్రీ ఖాతాలో వేసుకునేవాళ్లు చాలామంది.

ఒక్కో పేజీలో నాలుగు సంగతులు రాయండి: ఆ నెలలో మొదటిసారి ఏం చేశాను, ఏం మానేశాను, ఎవరి సాయం అడిగాను, ఎవరికి సాయం చేశాను. మూడో దాన్ని పిల్లలు ఖాళీ వదిలేస్తారు, సాయం అడగడం చిన్నతనమని. వదలకండి. జూలైలో క్లాస్‌మేట్‌ని అడిగినవాడు ఫిబ్రవరిలో తెలీని ఆఫీసరును అడిగాడంటే ఆ దూరమే ఎదుగుదల. ఏ నెలకైనా ఏమీ దొరక్కపోతే పేజీ ఖాళీగానే ఉంచండి. కల్పించి నింపిన పేజీ పక్క పేజీలను కూడా పాడుచేస్తుంది.

పన్నెండు పేజీలూ అయ్యాక వాటి నుంచి ఐదు వాక్యాలు తీయాలి. ఐదే. పది రాస్తే అందులో ఐదు మొహమాటానికి రాసినవే ఉంటాయి. ఒక్కో వాక్యానికి మూడు ముక్కలు ఉండాలి: అప్పుడు ఎట్లా ఉంది, ఇప్పుడు ఎట్లా ఉంది, దానికి ఆనవాలు ఏంది. "నాకు ఆత్మవిశ్వాసం పెరిగింది" అనేదాన్ని పట్టుకుందాం. దాన్ని ఇట్లా అడగండి: ఎవరి ముందు, ఏ పనిలో, ఎప్పటి నుంచి? అప్పుడు ఇట్లా వస్తుంది: "ఆగస్టులో ఆఫీసు గదికి పోవాలంటే ఇద్దరు స్నేహితురాళ్లు వెంట ఉండాలి. ఫిబ్రవరిలో స్కాలర్‌షిప్ దరఖాస్తులో పేరు తప్పు పడితే మా వార్డు సచివాలయానికి ఒక్కదాన్నే పోయి, ఏ కాయితం కావాలో కనుక్కుని, రెండోసారి పోయి సరిచేయించాను. రసీదు ఉంది." ఇందులో ఆత్మవిశ్వాసం అన్న మాటే లేదు. చదివినవాళ్లకు మాత్రం అదే అర్థమవుతుంది. ఇంకో ఉదాహరణ. "టీమ్ వర్క్ నేర్చుకున్నాను" అనేది, "మా సర్వే బృందంలో ఐదుగురం. ఇద్దరు రావడం మానేస్తే మిగతా ముగ్గురం ఇళ్లు మళ్లీ పంచుకున్నాం. మానేసినవాళ్లతో గొడవ పెట్టుకోకుండా వాళ్లకు సర్వే పట్టికలు వేసే పని అప్పగించాం" అని రాస్తే బాగుంటుంది.

సర్వే అంటే గుర్తొచ్చింది. మీ ఏడాది మొదలైందే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుతో. 2020-21లో డిగ్రీ సిలబస్ మారినప్పుడు వచ్చింది అది, 180 గంటలు. రోజుకు ఆరు గంటలు వేసుకుంటే 30 రోజులు. ఈ 180 గంటలంత మంచి ముడిసరుకు మీకు ఇంకెక్కడా దొరకదు, కానీ ఎక్కువమంది పాడుచేసేది దీన్నే. ఎట్లాగంటే, లాగ్ బుక్కు చివరి రెండు రోజుల్లో ఒకే పెన్నుతో నింపుతారు. సీనియర్ రిపోర్టు తీసుకుని ఊరి పేరు మారుస్తారు. పడమటి ప్రకాశంలో ఫ్లోరైడ్ నీళ్ల మీద సీనియర్ రాసిన రిపోర్టును ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలున్న ఊరికి అతికిస్తే వైవాలో (మౌఖిక పరీక్షలో) మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. ఇప్పుడు వాటిని చాట్‌బాట్‌తో రాయిస్తున్నారు. తప్పుల్లేని ఇంగ్లీషు వస్తుంది, అందులో మీ ఊరు ఉండదు. నిజంగా చేసినవాళ్లకు గుర్తులు వేరు. ఏ ప్రశ్న అడిగితే జనం ముఖం తిప్పుకున్నారో తెలుసు. ఆదాయం ఎంత అని మొదటే అడిగితే తలుపేస్తారని, ముందు నీళ్ల గురించో పిల్లల బడి గురించో అడిగి ఆదాయం చివర అడగాలని పదో ఇంటికల్లా తెలిసిపోతుంది. ప్రశ్నల వరస మార్చిన రోజు లాగ్ బుక్కులో ఉంటే అది రాయండి. రిపోర్టు మొత్తంలో మీరు ఎదిగిన చోటు అదే. ఈ వేసవిలో ఇంటర్న్‌షిప్‌కు పోయేవాళ్లు ఏ రోజుది ఆ రోజే, ఇంటికి బస్సులో వచ్చేటప్పుడు రెండు వాక్యాలు ఫోన్‌లో చెప్పి పెట్టుకోండి. వారం తర్వాత రాస్తే అన్ని రోజులూ ఒకే రోజులా కనపడతాయి.

ఇట్లా సొంత జీవితాన్ని నమోదు చేసుకోవడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. ఒంగోలు ప్రాంతానికి చెందిన వెన్నెలకంటి సుబ్బారావు గారు 1784లో పుట్టారు. మద్రాసులో సదర్ కోర్టు అనే అప్పటి పై కోర్టులో అనువాదకుడిగా చేశారు. రాజూ కాదు, సేనాపతీ కాదు. తన జీవితం ఇంగ్లీషులో తనే రాసిపెట్టుకున్నారు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1873లో అది మద్రాసులో అచ్చయింది. తెలుగువాళ్లలో తొలి ఆత్మకథ అని దాన్నే చెప్తారు. ఉద్యోగం చేసుకునే మామూలు మనిషి బతుకు కూడా వివరంగా రాస్తే నిలుస్తుందని చెప్పడానికి ఆయన పేరు తీశాను.

మీ ఐదు వాక్యాల పక్కన ఇంకో గడి గీయండి. ఇది నా వల్ల జరిగిందా, పరిస్థితి మారడం వల్ల జరిగిందా? హాస్టల్‌లో రూమ్‌మేట్ మారి నిద్ర బాగుపడితే మంచిదే, కానీ అది మీరు నేర్చుకున్నది కాదు, వచ్చే ఏడాది రూమ్‌మేట్ మళ్లీ మారితే పోతుంది. అన్నకు ఉద్యోగం వచ్చి మీకు నెలకు వెయ్యి ఎక్కువ పంపుతుంటే, మీరు అప్పులు చెయ్యడం లేదన్నది పొదుపు నేర్చుకున్నట్టు కాదు. ఇట్లా చూస్తే ఐదులో ఒకటి రెండు రాలిపోతాయి. రాలనివ్వండి.

తగ్గినవి కూడా రాయాలి. దీని మీద ఎవరూ మాట్లాడరు. ఒక పక్క పెరగడానికి ఇంకో పక్క నుంచి టైము తీశారు గదా, ఎక్కడి నుంచి తీశారు? నిద్ర, ఆటలు, తెలుగు రాత, అమ్మమ్మకు ఫోన్, కళ్లద్దాల నంబరు. ఇంగ్లీషు పెన్సిల్ గుర్తులు తగ్గినవాళ్లు తెలుగులో ఒక పేజీ ఉత్తరం రాసి చూడండి, వత్తులు ఎక్కడెక్కడ తప్పుతున్నాయో. తగ్గినవాటిలో ఏది తిరిగి తెచ్చుకోవాలో, ఏది పోతే పోనీ అనుకోవాలో మీ ఇష్టం. కానీ తెలిసి పోగొట్టుకోండి.

కష్టమైన ఏడాది గడిచినవాళ్లు ఈ గదిలో కొందరుంటారు. ఇంట్లో ఒకరు పోయుండచ్చు, అప్పులుండచ్చు, మనసు విరిగుండచ్చు. వాళ్లు ఈ పన్నెండు పేజీల పద్ధతిని అటువైపు తిప్పకండి, దానికి వేరే పద్ధతుంది. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో చేసిన ఒక పరిశీలనను 1986లో అచ్చేశారు. వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా కలచివేసిన సంగతి గురించి, దాని మీద తమకేమనిపిస్తుందో రాయమన్నారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది, అది గుర్తుపెట్టుకోండి. కానీ తర్వాతి నెలల్లో వాళ్లు మామూలు సంగతులు రాసినవాళ్లకంటే తక్కువసార్లు ఆరోగ్య కేంద్రానికి పోయారు. కాబట్టి పరీక్ష ముందురోజు రాత్రి రాయకండి. నాలుగు రోజులకు మించి లాగకండి. ఎవరికీ చూపించనక్కర్లేదు, చించేసినా ఫర్వాలేదు. రాస్తుంటే మరీ మునిగిపోతున్నట్టుంటే ఆపేసి మనిషితో మాట్లాడండి. మనసు బాగోలేనప్పుడు ఫోన్‌లో సాయం చేసే టెలి మానస్ నంబరు 14416. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. అందరూ ఫోన్‌లో వేసుకోండి, మీకు కాకపోయినా రూమ్‌మేట్‌కు పనికిరావచ్చు.

ఇక ఈ రాసినదాన్ని వాడుకోవడం. ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అంటే పేరు, ఊరు, నాన్న చేసే పని చెప్పి ఆగిపోతారు మనవాళ్లు. పేరు తర్వాత ఈ ఐదింట్లో ఆ ఉద్యోగానికి దగ్గరైనది ఒకటి చెప్పండి, నలభై సెకన్లలో. రెజ్యూమెలో ఎన్.ఎస్.ఎస్. అని ఒక్క మాట వేస్తే లాభం లేదు. రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల క్యాంపు, అందులో మీరు చూసుకున్న పని ఏంది, వంట సరుకులా, సర్వేనా, రక్తదాన శిబిరంలో పేర్లు రాయడమా, అది రాయండి. సర్టిఫికెట్ రావాలంటే గంటలూ ఉండాలి, క్యాంపూ ఉండాలి. ఒకటి తగ్గితే ఇప్పుడే చూసుకోండి, మూడో ఏడాదిలో ఎవరికీ తీరిక ఉండదు.

సర్టిఫికెట్లు బయటికి తీసినప్పుడే ఇంకో పని చెయ్యండి. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు, డిగ్రీ మెమోలో పేరు, బ్యాంకు పుస్తకంలో పేరు, నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. మన వైపు ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. పదో తరగతి మెమోను మార్చడం చాలా కష్టం, కాబట్టి మిగతావాటిని దానికి సరిపోయేట్టు మార్చుకోండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి రెండుసార్లే అవకాశం, పుట్టిన తేదీకి ఒక్కసారే. అందుకని తొందరపడి ఏదో ఒకటి కొట్టించకండి. మీ క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో మీ 12 అంకెల నంబరు కింద క్రెడిట్లు పడ్డాయో లేదో డిజీలాకర్‌లో చూసుకోండి. వివరాలు కలవకపోతే అక్కడ పడవు.

వచ్చే ఏడాదికి ఆనవాలు ఈ వారమే పెట్టుకోండి. రెండు నిమిషాలు ఇంగ్లీషులో, రెండు నిమిషాలు తెలుగులో మీ గురించి మాట్లాడి రికార్డు చేసి, ఫైలుకు తేదీ పేరు పెట్టండి. చూసి చదవకూడదు. మీకు మీరే ఒక ఈమెయిల్‌లో పంపుకుంటే ఫోన్ పోయినా ఉంటుంది. వచ్చే మేలో అదే మళ్లీ చేసి రెండూ వరసగా వినండి. ఎక్కడ ఆగారు, "అంటే, అంటే" అని ఎన్నిసార్లన్నారు, లెక్కపెట్టండి.

ప్రశ్నలుంటే అడగండి. 

(ఒక విద్యార్థిని: సార్, ఇదంతా ఇన్‌స్టాలో పెడితే తప్పా?)

తప్పేం లేదమ్మా. రాయడం పూర్తయ్యాక పెట్టుకో. పెట్టడానికి రాస్తే తగ్గినవాటి పేజీ ముందే మాయమవుతుంది, సాయం అడిగిన నెలలు మాయమవుతాయి. నోటు పుస్తకం వేరే, ఇన్‌స్టా వేరే అనుకుంటే గొడవ లేదు.

(ఒక విద్యార్థి: నాకు ఐదు వాక్యాలు రావు సార్. రెండే వస్తాయేమో.)

రెండు చాలు నాయనా. రెండింటికీ ఆనవాలు ఉంటే నువ్వే మేలు. ఆ ముందు బెంచీలో ఐదూ ముందే రాసేసుకున్నట్టున్నారు, వాళ్లను ఆనవాలు అడుగుతా ఇప్పుడు. (నవ్వులు)

(మరో విద్యార్థిని: ఎప్పుడు చెయ్యాలి సార్, పరీక్షలకు ముందా తర్వాతా?)

చివరి ప్రాక్టికల్ అయిన మర్నాడు. పరీక్షల ముందు చేస్తే చదువు తప్పించుకోవడానికి చేసినట్టవుతుంది. ఫలితాలు వచ్చాక చేస్తే మార్కులే ఏడాదంతా ఎట్లా గడిచిందో తేల్చేస్తాయి. ఈ రెండిటి మధ్య మీకు ఓ వారం దొరుకుతుంది. హాస్టల్ పిల్లలు మాత్రం గది ఖాళీ చేసే ముందే చెయ్యండి. పెట్టె సర్దేటప్పుడు పాత నోట్సులన్నీ కిలోల లెక్కన అమ్మేస్తారు. లెక్కపెట్టాల్సిన పెన్సిల్ మాటలు అందులోనే ఉంటాయి, కనీసం ఒక్కో సెమిస్టర్‌కు ఒక్క పుస్తకమన్నా ఆపుకోండి.